ఒక్క నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌కి అకౌంట్ మూసేయాలా?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిన్నరగా పాత కెమెరా లెన్సులు కొని, శుభ్రం చేసి, ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతున్నాను. 62 ఫీడ్‌బ్యాక్‌లు వచ్చాయి, అన్నీ పాజిటివ్. గత నెల ఒకాయన ఒక లెన్సు కొన్నారు. లోపల కొంచెం దుమ్ము ఉందని వివరణలో రాశాను, ఫొటో కూడా పెట్టాను. సరుకు అందాక, సగం డబ్బు వెనక్కివ్వకపోతే నెగటివ్ పెడతానని మెసేజ్ చేశారు. లెన్సు వాపసు పంపితే పూర్తి డబ్బు ఇస్తానన్నాను. వినలేదు. "మోసగాడు, కొనకండి" అని పెట్టేశారు. పది రోజులుగా ఏ పని మీదా మనసు నిలవడం లేదు. సిద్ధంగా ఉన్న మూడు లెన్సులు అమ్మకానికి పెట్టనే లేదు. ఈ అనుభవాన్ని రెజ్యుమేలో రాసుకుందామనుకున్నాను. ఇప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్లు ప్రొఫైల్ తెరిచి చూస్తే? అకౌంట్ మూసేసి కొత్త పేరుతో మొదలుపెట్టనా? ఇద్దరు స్నేహితులు తలా నాలుగు పాజిటివ్‌లు పెడతామంటున్నారు. నాన్నేమో ఈ గొడవలన్నీ మానేసి పోటీ పరీక్షలకు చదువుకోమంటున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం నెగటివ్ గురించినది కాదు. మూడు లెన్సులు సిద్ధంగా ఉన్నా పెట్టలేదన్నారే, అది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు కొత్త అకౌంట్ ఆలోచన పక్కన పెట్టండి. పాల్ రెస్నిక్ అనే పరిశోధకుడు, మరికొందరు కలిసి ఈబే అనే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో ఒక ప్రయోగం చేశారు. 2006లో అచ్చయింది. ఏళ్ల తరబడి మంచి పేరున్న ఒక అమ్మకందారు ఒకే రకం పాత పోస్ట్‌కార్డులను కొన్ని తన అసలు పేరుతో, కొన్ని అప్పుడే తెరిచిన కొత్త పేర్లతో అమ్మాడు. సరుకూ ఒకటే, అమ్మే మనిషీ ఒకడే. అయినా పాత పేరుకు 8.1 శాతం ఎక్కువ ధర పలికింది. అదే ప్రయోగంలో ఇంకో సంగతి కూడా బయటపడింది. కొత్త అకౌంట్లకు ఒకటి రెండు నెగటివ్‌లు ఉన్నా కొనేవాళ్లు ఇచ్చే ధర తగ్గలేదు. అంటే ఒక్క మచ్చ చెరిపేయడానికి 62 మంచి మాటలను మీ చేతులతో మీరే పారేసుకుంటున్నారన్నమాట.

లెక్క కూడా ఒకసారి వేసుకోండి. ఈబే లాంటి చోట పాజిటివ్ శాతాన్ని గత 12 నెలల ఫీడ్‌బ్యాక్ మీదే కడతారు. ఈ ఏడాదిలో మీకు 49 పాజిటివ్‌లు, ఈ ఒక్క నెగటివ్ వచ్చాయనుకుంటే 98 శాతం. ఆ పాతవి లెక్కలో ఉండగానే ఇంకో 50 పాజిటివ్‌లు వస్తే 99. పన్నెండు నెలలు దాటాక ఆ నెగటివ్ శాతం లెక్కలోకే రాదు. ఏడాదిన్నరగా నూటికి నూరు చూసుకున్న కళ్లకు 98 అంటే ఫెయిలైనట్టే ఉంటుంది, నాకు తెలుసు. కానీ కొనేవాళ్ల చూపు వేరు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలోని స్పీగెల్ రీసెర్చ్ సెంటర్ ఉత్పత్తుల రివ్యూలను పరిశీలించినప్పుడు, అయిదుకు 4.0 నుంచి 4.7 మధ్య రేటింగ్ ఉన్నవాటినే జనం ఎక్కువగా కొంటున్నారని తేలింది. రేటింగ్ అయిదుకు దగ్గరయ్యే కొద్దీ కొనే అవకాశం తగ్గిందట. మరీ నున్నగా కనిపిస్తే ఎవరికైనా అనుమానమే కదా.

స్నేహితుల పాజిటివ్‌లు వద్దు. ఏ పెద్ద మార్కెట్‌ప్లేస్ నియమాలు తెరిచి చూసినా అది నిషిద్ధమే. దొరికితే పోయేది ఒక్క శాతం కాదు, అకౌంట్ మొత్తం. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూలు రాయించడం, అమ్మడం, కొనడం మీద, వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధనే అమల్లో ఉంది. పైగా ఇప్పుడు మీ దగ్గర ఉన్న బలమంతా, మీ వైపు తప్పు లేకపోవడమే.

ఇక చేయాల్సిన పని. మీరు సైట్ పేరు రాయలేదు. ఒక్కో సైట్‌ది ఒక్కో పద్ధతి కాబట్టి అక్కడి నియమాల పేజీ ఓపిగ్గా చదవండి. అయితే అన్నిచోట్లా పనికొచ్చే సంగతి ఒకటుంది. ఫీడ్‌బ్యాక్ తీసేయమని అడిగితే, "ఆయన రాసింది అబద్ధం" అన్న మాట మీద మామూలుగా ఎవరూ తీయరు. లెన్సులో దుమ్ము ఎంత ఉందో కంపెనీ వాళ్లు తెరిచి చూడలేరు కదా. వాళ్లు చూసేది నియమం తప్పిందా లేదా అన్నదే. అబద్ధమని నిరూపించడానికి రాత్రంతా కూర్చుని మూడు పేజీలు రాసే అమ్మకందారులు చాలామంది. ఆ మూడు పేజీలూ వృథా.

మీ విషయంలో మాత్రం నియమం తప్పింది. నెగటివ్ పెడతానని బెదిరించి, అమ్మకంలో లేనిదాన్ని రాబట్టాలని చూడటాన్ని ఈబే ఫీడ్‌బ్యాక్ ఎక్స్‌టార్షన్ అంటుంది, నిషేధిస్తుంది. ఆయన బెదిరింపు సైట్ మెసేజ్‌లలోనే ఉంటే మీ పని సగం అయినట్టే. వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో జరిగి ఉంటే కష్టం, వాళ్లకు కనిపించేది తమ సైట్‌లో ఉన్నదే. ఇకముందు కొనేవాళ్లు ఎవరు నంబరు అడిగినా "ఇక్కడే మాట్లాడుకుందాం" అనండి. ఫిర్యాదు నాలుగు వాక్యాలు దాటకూడదు. ఆర్డరు నంబరు, ఫలానా తేదీన వచ్చిన మెసేజ్‌లోని ఆ ఒక్క వాక్యం యథాతథంగా, అది తప్పిన నియమం పేరు, మీరు కోరుతున్నదేమిటి. మీ నిద్రలేని రాత్రుల గురించి అందులో వద్దు. చదివే ఉద్యోగికి మీ మీద కోపమేమీ ఉండదు, టైం ఉండదంతే.

ఫిర్యాదు నిలవకపోతే, కొన్నాయన్నే మార్చమని అడిగే దారి కొన్నిచోట్ల ఉంది. ఈబేలో దీన్ని పొదుపుగా వాడుకోవాలి. ఏడాదిలో వచ్చే ప్రతి 1000 ఫీడ్‌బ్యాక్‌లకు అయిదు అభ్యర్థనలే ఇస్తారు, ఒక అమ్మకానికి ఒక్కసారే పంపగలరు, జవాబివ్వడానికి కొన్నవారికి పది రోజులుంటాయి. అమెజాన్‌లో అయితే, సెల్లర్ ఫీడ్‌బ్యాక్‌లోని మాటలు మొత్తం వస్తువు గురించే ఉన్నప్పుడు తీసేయమని అడగొచ్చు. సరుకు పంపే బాధ్యత అమెజాన్‌దే అయి, ఫిర్యాదు కేవలం డెలివరీ మీదైతే ఆ మాటలను కొట్టేస్తారు. ఎక్కడైనా సరే ఒక హద్దు మాత్రం దాటకండి. "నెగటివ్ తీసేస్తే డబ్బిస్తాను" అని మీ వైపు నుంచి అన్నారో, నియమం తప్పినవారు మీరవుతారు. వాపసు తీసుకుని డబ్బివ్వడానికీ ఫీడ్‌బ్యాక్‌కీ ముడి పెట్టకూడదు.

బహిరంగ జవాబు అన్నిటికంటే చివర. చేతితో చేసినవీ పాతకాలపువీ అమ్మే ఎట్సీ అనే సైట్‌లో అమ్మకందారు జవాబు పెట్టేశాక, కొన్నవారు ఇక తమ రివ్యూను మార్చుకోలేరు. తొందరపడి కోపం తీర్చుకుంటే తలుపు మీరే వేసుకున్నట్టు. అసలు ఆ జవాబు ఆయన కోసం కాదు, రేపు మీ లెన్సు కొందామా వద్దా అని తటపటాయించే ఇంకొకరి కోసం. కాబట్టి ఇలా రాయొచ్చు: "లోపల దుమ్ము ఉన్న సంగతి వివరణలోనూ ఫొటోలోనూ చూపించాను. నచ్చకపోతే లెన్సు వాపసు తీసుకుని పూర్తి డబ్బు ఇస్తానని చెప్పాను. ఆ మాట మీదే ఉన్నాను." అంతే. "మోసగాడు" అన్న మాటకు ఎదురుమాట అక్కర్లేదు. ఆ పక్కన ఈ మూడు వాక్యాలుంటే చదివేవాళ్లే తేల్చుకుంటారు. ఆయన పేరు, ఊరు లాంటివి పొరపాటున కూడా రాయకండి.

ఆయనకు కూడా ఒక నెగటివ్ పడేద్దామని మీకు అనిపించే ఉంటుంది. ఒకప్పుడు ఈబేలో అది కుదిరేది. 2008లో తీసేశారు. అమ్మేవాళ్లు కక్షగా ఎదురు నెగటివ్‌లు పెడుతుంటే, కొనేవాళ్లు ఉన్నదున్నట్టు రాయడానికి భయపడ్డారు. ఆ భయం పోగొట్టడానికి తక్కెడను కొనేవాళ్ల వైపు వంచారు. ఆ వంపు బరువు ఇవాళ మీ మీద పడింది. అన్యాయమే, కాదనను.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీ వివరణలో "కొంచెం" అన్న మాట ఉంది. మీరు రోజూ లెన్సులు విప్పే మనిషి. గాజు మీద పెరిగే ఫంగస్ అంటే ఏమిటో, పొగచూరినట్టుండే మసక ఏమిటో, ఫొటో మీద ఏ ప్రభావమూ చూపని మామూలు దుమ్ము ఏమిటో మీకు తెలుసు. మీ "కొంచెం" ఆ జ్ఞానంలోంచి వచ్చింది. మొదటిసారి పాత లెన్సు కొన్నాయన దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే ప్రతి రేణువూ నక్షత్రంలా మెరుస్తుంది. ఆయన బెదిరింపు తప్పే, ఆ మాట కూడా తప్పే. కానీ పెట్టె విప్పిన క్షణంలో ఆయన ఉలికిపాటు మాత్రం నటన కాకపోవచ్చు. ఇకనుంచి లెన్సు వెనక టార్చ్ పెట్టి ఒక ఫొటో తీసి, దాన్ని రెండో ఫొటోగా ఉంచండి. చాలామంది కొనేది ఫోన్‌లో, కింద ముడుచుకుని ఉండే వివరణ దాకా వేలు వెళ్లదు. "కొంచెం" బదులు "టార్చ్ వెలుగులో దుమ్ము కనిపిస్తుంది, ఫంగస్ లేదు, తీసిన ఫొటోల మీద ప్రభావం లేదు" అని రాయండి.

నా గురించి కూడా ఒకసారి ఎవరో ఒక స్టార్ ఇచ్చి, "సలహా అడిగితే తిరిగి మనల్నే ప్రశ్నలు అడుగుతాడు" అని రాశారు. రెండు రోజులు మండిపడ్డాను. మూడో రోజు, ఎవరైనా వచ్చి కూర్చోగానే "ముందు కాసేపు ప్రశ్నలు వేస్తాను, ఎందుకంటే..." అని చెప్పడం మొదలుపెట్టాను. ఆ రివ్యూ ఇప్పటికీ అక్కడే ఉంది.

రెజ్యుమే సంగతి. తప్పకుండా రాయండి. "ఆన్‌లైన్ వ్యాపారం చేశాను" అని కాదు, ఎన్ని నెలలు, ఎన్ని అమ్మకాలు, ఎన్ని వాపసు వచ్చాయి, ఎంత శాతం పాజిటివ్ అని అంకెలతో రాయండి. ప్రొఫైల్ తెరిచి చూస్తారేమోనని భయపడుతున్నారు, నేనైతే చూడాలనే కోరుకుంటాను. కస్టమర్లతో పని ఉన్న ఏ ఉద్యోగానికి వెళ్లినా "ఇబ్బంది పెట్టిన కస్టమర్‌తో ఎలా వ్యవహరించారు?" అన్న ప్రశ్న దాదాపు ఖాయం. తాజాగా డిగ్రీ చేతికొచ్చినవాళ్లు చాలామంది అక్కడ కథ అల్లుతారు. మీ దగ్గర తేదీలతో సహా అసలుది ఉంది. చెప్పేటప్పుడు ఆయన ఎంత చెడ్డవాడో చెప్పకండి, టార్చ్ ఫొటో గురించి చెప్పండి. ఈ పనే వృత్తిగా చేసేవాళ్లూ ఉన్నారు. మార్కెట్‌ప్లేస్ కంపెనీల్లో ట్రస్ట్ అండ్ సేఫ్టీ అనే విభాగాలుంటాయి. నకిలీ రివ్యూలు పట్టుకోవడం, ఇరుపక్షాల తగాదాలు తేల్చడం, నియమాలు రాయడం వాళ్ల పని. బ్రాండ్ల తరఫున ఆన్‌లైన్ అమ్మకాలు చూసే మార్కెట్‌ప్లేస్ మేనేజర్ ఉద్యోగాలున్నాయి. అమ్మేవాళ్ల వైపు నుంచి దెబ్బ తిన్న అనుభవం అక్కడ లోటు కాదు.

నాన్నగారి మాట పూర్తిగా కొట్టిపారేయకండి. ఆయన చూస్తున్నది పది రోజులుగా చదవని, తినని పిల్లవాణ్ని. ఆ స్థితిలో ఏ తండ్రైనా ఆ మాటే అంటారు. నెలకు ఎన్ని గంటలు దీనికి పోతున్నాయో, ఎంత మిగులుతోందో ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. పరీక్షల నెలల్లో అమ్మకాలు ఆపేస్తానని చెప్పండి. చాలా సైట్లలో సెలవు పెట్టుకునే సెట్టింగ్ ఉంటుంది, దానివల్ల పేరు పోదు. అయితే పోటీ పరీక్షలు రాయాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ఈ నెగటివ్ పెట్టినాయన చేత తేల్చనివ్వకండి.

ఇక ఆ మూడు లెన్సులు. లూయిస్ కబ్రాల్, అలీ హోర్టాచ్సు అనే ఆర్థికవేత్తలు ఈబే అమ్మకందారుల చరిత్రను పరిశీలించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. మొదటి నెగటివ్ పడే ముందు అమ్మకాలు వారానికి సగటున 5 శాతం చొప్పున పెరుగుతూ ఉండేవి, పడ్డాక 8 శాతం చొప్పున తగ్గడం మొదలైంది. పోస్ట్‌కార్డుల ప్రయోగంలో ధర తగ్గలేదు, ఇక్కడ అమ్మకాలు తగ్గాయి. కొలిచినవి వేర్వేరు, కాబట్టి దెబ్బే ఉండదని నేను అనను. కానీ ఆ పరిశోధనలో నన్ను కట్టిపడేసింది తర్వాతి అంకె. మొదటిదానితో పోలిస్తే తర్వాతి నెగటివ్‌లు 25 శాతం వేగంగా వచ్చాయి. కొనేవాళ్లు ఒక్కసారిగా చెడ్డవాళ్లయిపోయారా? కాదు, పేరు ఎలాగూ పోయిందని అమ్మేవాళ్లు శ్రద్ధ తగ్గించుకోవడమే దానికి కారణమై ఉండొచ్చన్నది ఆ పరిశోధకుల వివరణ. ప్యాకింగ్‌లో ఒక పొర తగ్గుతుంది, మెసేజ్‌కి జవాబు ఒక రోజు ఆలస్యమవుతుంది. మీకు ఇంకా అంతదూరం రాలేదు, మీరు ఆగిపోయారు అంతే.

ఇవాళ సాయంత్రం ఆ మూడింటికీ టార్చ్ ఫొటోలు తీయండి. దుమ్ము ఎక్కువగా ఉన్నదాన్నే ముందు అమ్మకానికి పెట్టండి.