రెండో కార్డు ఎవరి జేబులో ఉంది?

శ్రీకాకుళం

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. పొందూరు నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల పనికి వెళ్లిన తాపీమేస్త్రీ కథ. ఆరు పేజీల్లో 'ఒంటరితనం' అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి లెక్కపెట్టాను, ఏమనుకోకు. అన్నిసార్లు చెప్పినా అతను ఒంటరివాడని నాకు ఒక్కసారీ అనిపించలేదు.

అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ 'ఆఫ్ మైస్ అండ్ మెన్' చదివావా? 1937లో వచ్చిన చిన్న నవల. కాలిఫోర్నియాలో ఊరూరా తిరిగి పొలం పనులు చేసుకునే జార్జ్, లెన్నీల కథ. వలసంటే ఏమిటో మన జిల్లావాడికి వేరే చెప్పక్కర్లేదు కదా, ఇట్టే పట్టుబడుతుంది. అందులో గుర్రాలశాలలో పనిచేసే క్రుక్స్ ఉంటాడు. నల్లవాడని మిగతా కూలీలు తమ గదిలోకి రానివ్వరు. రచయిత ఊరికే అతని గది చూపిస్తాడు. గుర్రాల సామాను, మందు సీసాలు, చిరిగిన డిక్షనరీ, 1905 నాటి కాలిఫోర్నియా చట్టాల పుస్తకం. పలకరించే దిక్కులేనివాడికి డిక్షనరీ దేనికి? హక్కులు దక్కనివాడికి చట్టం పుస్తకం దేనికి? నేను ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. నీ మేస్త్రీ గదిలో ఏముంది? బల్బుందన్నావు. బల్బు అందరి గదుల్లోనూ ఉంటుంది.

ఇక అతనూ, కూలీ కుర్రాడూ 'ప్రాణస్నేహితులు' అన్నావు. జార్జ్ అయితే లెన్నీని పొద్దస్తమానం తిడుతూనే ఉంటాడు. నువ్వు లేకపోతే హాయిగా బతికేవాణ్ణంటాడు. లెన్నీ తన పని కార్డు పోయిందని జేబులు తడుముకుంటుంటే, రెండూ నా దగ్గరే ఉన్నాయి, నీ చేతికిస్తానా అని కసురుతాడు. స్నేహమంటే అక్కడ అంతే. మొన్న ఆమదాలవలస స్టేషన్‌లో సికింద్రాబాద్ బండి కోసం ఇద్దరు కూర్చున్నారు. పెద్దవాడు కుర్రాడి టికెట్టూ, ఆధార్ జెరాక్సూ తన చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పిన్నీసు గుచ్చాడు. "నీకిత్తే పారేత్తావురా, ఉండనీ" అన్నాడు. ఇది నీకిచ్చేస్తున్నాను, వాడుకో.

'మంచిరోజులు వస్తాయి' అని ముగించావు. ఎన్ని రూపాయలకు వస్తాయి? నవలలో వాళ్లు కలగన్న పొలం ఖరీదు 600 డాలర్లు. చెయ్యి పోగొట్టుకున్న ముసలి క్యాండీ తన వంతుగా 350 ఇస్తానంటాడు. అప్పటిదాకా పడుకునేముందు చెప్పుకునే కథ కాస్తా లెక్కలోకి దిగుతుంది, జార్జ్ గొంతే మారిపోతుంది. ఆ అంకె అంత దగ్గరికి రాకపోయుంటే ముగింపు నన్ను అంత ఏడిపించేది కాదు. నీ మేస్త్రీ ఇంటి శ్లాబుకి ఇంకా ఎంత తక్కువైంది? ఎవరికి బాకీ?

ఒక్కటి మాత్రం నాకింకా గుచ్చుకుంటుంది. ఆ పొలం యజమాని కొడుకు కర్లీ. అతని భార్యకి స్టైన్‌బెక్ పేరే పెట్టలేదు. కావాలనే చేశాడంటారు, సరే. నీ మేస్త్రీ పెళ్లానికీ పేరు లేదు. నువ్వు కావాలని చేశావా, మర్చిపోయావా?

ఫోన్ పాడై మొదటి చిత్తుప్రతి పోయిందని బాధపడ్డావు. ఈ నవల చిత్తుప్రతిని సగందాకా స్టైన్‌బెక్ కుక్కపిల్ల నమిలేసింది. రెండు నెలల పని! మళ్లీ కూర్చుని రాశాడు.

ఆదివారం కథానిలయానికి రా. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన ఆ కథల లైబ్రరీలో కూర్చుని మాట్లాడుకుందాం. కథ తెచ్చుకో. సున్నాలు చెరపడానికి రబ్బరు నేను తెస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్న