గ్యాస్ పైప్‌లైన్ల నుంచి మీథేన్ గాల్లో కలవకుండా ఏం చేయవచ్చు?

లీకు అనగానే పగిలిన గొట్టమే గుర్తొస్తుంది. కానీ చాలా మీథేన్‌ని (పైప్‌లైన్ గ్యాస్‌లో ఎక్కువ భాగం ఇదే) తెలిసే వదులుతారు. మరమ్మతుకు ముందు ఆ భాగాన్ని ఖాళీ చేయాలి. సులువని లోపలి గ్యాస్‌నంతా గాల్లోకి వదిలేస్తారు. 20 ఏళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది, కాబట్టి ముందు ఆపాల్సింది ఇదేనంటాను. లారీ మీద తెచ్చిన కంప్రెసర్‌తో ఆ గ్యాస్‌ని పక్క భాగంలోకి తోడేస్తే 90 శాతం దాకా దక్కుతుంది, అమ్ముకోవచ్చు కూడా. కొత్త గొట్టం కలపడానికైతే లైన్ ఆపకుండానే రంధ్రం చేసే పద్ధతి ఉంది.

గ్యాస్ ఒత్తిడితో నడిచే వాల్వ్ కంట్రోలర్లు (వాల్వ్‌లను తెరిచి మూసే పరికరాలు) పనిచేసినప్పుడల్లా కాస్త మీథేన్‌ని వదులుతుంటాయి. వాటిని ఒత్తిడితో నింపిన గాలితోనో కరెంటుతోనో నడపాలి. కంటికి కనపడని లీకులను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పట్టిస్తాయి. పాత పోత ఇనుప గొట్టాలను మాత్రం మార్చేయాల్సిందే.