మలేషియాలో ఆస్ట్రేలియా చదువుకి వెళ్తున్న అమ్మలూకి

అమ్మలూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, దానికి ఆస్ట్రేలియా వాళ్ళ మోనాష్ యూనివర్సిటీలో సీటొచ్చింది, మలేషియా క్యాంపస్" అన్నాడు. గొంతులో సంతోషం వినపడింది, దాని వెనకాలే అప్పు లెక్క కూడా వినపడింది. నాకు ముందు గర్వమే వచ్చింది. మనింట్లో చదువు కోసం సముద్రం దాటే ఆడపిల్లవి నువ్వే. నేనూ దాటాను గానీ మీ మావయ్య వీసా మీద దాటాను, అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే రెండు లైన్లు చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

కౌలాలంపూర్‌లో కాపురమున్న రోజుల్లో పెటాలింగ్ జయలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో విదేశీ పిల్లల కాగితాలు చూసే పని చేశానని నీకు తెలుసుగా. అందుకని మీ నాన్న కంటే ఈ విషయంలో నా మాటకి కాస్త బరువుంటుంది. వాడితో అనకు.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, కన్సల్టెన్సీ వాడి చేతికి ఒక్క రూపాయి ఇవ్వద్దు. స్టూడెంట్ పాస్ పనంతా ఈఎంజీఎస్ అనే సంస్థ ద్వారా నడుస్తుంది. వాళ్ళ వీసా అనుమతి లేఖ చేతికొచ్చేదాకా టికెట్ కొనొద్దు. దిగిన వారంలోపు అక్కడ మెడికల్ చేయించుకోవాలి. నీ కోర్సు పేరు, అక్కడ కోర్సులకి గుర్తింపిచ్చే మలేషియా క్వాలిఫికేషన్స్ ఏజెన్సీ రిజిస్టర్‌లో ఉందో లేదో నువ్వే వెతికి చూడు. మోనాష్ ఇంజినీరింగ్‌కి మలేషియా ఇంజినీర్ల బోర్డుతో పాటు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా గుర్తింపు కూడా ఉంది, కానీ నీ బ్రాంచికి ఉందా అన్నది విడిగా అడగాలి. తర్వాత ఇండియాలో ఎంటెక్‌కో ప్రభుత్వ ఉద్యోగానికో వెళ్తే, నీ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమే అని చెప్పే సమానత్వ పత్రం అడుగుతారు. 2025లో యూజీసీ దానికి కొత్త నిబంధనలు తెచ్చింది, వాటిని ఇప్పుడే చదువు. నాలుగేళ్ళయ్యాక కాదు.

ఇక మీ చిన్న బాబాయ్ సంగతి. ఇంట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి నీకు తెలిసుండదు. బాబాయ్ బీఎస్సీ అక్కడే చేశాడని మాత్రం విన్నావు, అవునా?

2009లో వాడు ఒక బ్రిటిష్ యూనివర్సిటీకి మలేషియాలో ఉన్న క్యాంపస్‌లో చేరాడు. పేరెందుకులే, చదువులో వంక పెట్టడానికి లేదు. రాజమండ్రిలో కన్సల్టెన్సీ అతను మీ తాతయ్యకి చెప్పింది ఒకటే మాట: "డిగ్రీ అక్కడిదే సార్, ఖర్చు మాత్రం ఇక్కడిది." అందులో అబద్ధం లేదు. తాతయ్య కూడా ఊరికే నమ్మే మనిషి కాదు. పాత విద్యార్థి పట్టా జిరాక్సు తెప్పించి, లాయరు గారి చేత చదివించి, దాని మీద మలేషియా అనే మాట ఎక్కడా లేదని తేల్చుకున్నాకే సంతకం పెట్టారు. అంత జాగ్రత్తా కాగితం మీదే ఖర్చయిపోయింది. చదువయ్యాక వీడు ఏ దేశంలో ఉద్యోగం చేస్తాడు, ఏ వీసా మీద చేస్తాడు అని అడిగినవాడు లేడు. లండన్ డిగ్రీ కాబట్టి లండన్ ఉద్యోగం అనుకున్నారు. రెండేళ్ళు పౌండ్లలో జీతం తీసుకుంటే అంబాజీపేట రోడ్డు మీది అరెకరం కొబ్బరితోట మళ్ళీ కొనెయ్యొచ్చని లెక్కేసి, దాన్ని అమ్మారు.

ఆఖరి సంవత్సరం ముందు బాబాయ్ "నేను బ్రిటన్ క్యాంపస్‌కి వెళ్ళి ముగిస్తాను" అని ఆఫీసుకి వెళ్తే, ఇక్కడి ఫీజుకే కొన్నాళ్ళు అక్కడ చదివే ఎక్స్చేంజ్‌కి గడువు దాటిపోయిందన్నారు. కావాలంటే ట్రాన్స్‌ఫర్ ఇస్తాం, అక్కడి ఫీజు పూర్తిగా కట్టుకో అన్నారు. ఆ ఫీజు కట్టాలంటే ఇల్లు కూడా అమ్మాలి. వాడు మాట్లాడకుండా మలేషియాలోనే ముగించేశాడు. అదే సమయానికి, 2012 ఏప్రిల్లో, చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే వీసాని బ్రిటన్ ఎత్తేసింది. ఇంట్లో అందరూ నెపం దాని మీదికి తోసేసి "మనవాడి ఖర్మ" అన్నారు. ఖర్మ కాదే కోడలుపిల్లా. ఆ వీసా ఉన్నా వాడికి వచ్చేది కాదు. అది బ్రిటన్ గడ్డ మీద కూర్చుని చదివినవాళ్ళది. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ, వీసా ఇచ్చేది దేశం, ఈ రెంటికీ మధ్య ఏ ఒప్పందమూ లేదు.

వాడు తిరిగొచ్చి హైదరాబాద్‌లో అందరిలాగే మొదలుపెట్టి, అందరిలాగే పైకొచ్చాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. తోట మాత్రం మనది కాదు. తాతయ్య పోయేదాకా అంబాజీపేట వెళ్ళాల్సొస్తే బస్సు మారి చుట్టు తిరిగి వెళ్ళేవారు. వాణ్ణి ఒక్క మాట అనలేదు. అనేసి ఉంటే ఇంట్లో అందరికీ తేలికయ్యేదేమో.

ఆ కథంతా నీ కోసమే చెప్పాను. బ్రిటన్ అలాంటి వీసానే 2021లో గ్రాడ్యుయేట్ రూట్ అని మళ్ళీ తెరిచింది, నిబంధన మాత్రం అదే. నువ్వు వెళ్ళేది ఆస్ట్రేలియా వాళ్ళ క్యాంపస్‌కి కదా, చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే వాళ్ళ 485 వీసాకి కనీసం రెండు విద్యా సంవత్సరాలు ఆస్ట్రేలియాలోనే చదివి ఉండాలి. మీ క్యాంపస్ ఉన్న సన్‌వేలో నాలుగేళ్ళు చదివినా ఆ లెక్కలో నీది సున్నా. మధ్యలో ఒక సెమిస్టర్ మెల్‌బోర్న్ వెళ్ళొచ్చినా చాలదు. నీ మనసులో ఆస్ట్రేలియా ఉంటే ఇప్పుడే బయటికి చెప్పు. ఈ డిగ్రీ చౌకగా ముగించి, తర్వాత రెండేళ్ళ మాస్టర్స్‌కి అక్కడికి వెళ్ళడం ఒక దారి. మంచి దారే, కానీ దానికి వేరే డబ్బు కావాలి. బ్యాంకు లోన్ కాగితం మీద మీ నాన్న అప్పు తీర్చే లెక్క వేసేటప్పుడు హైదరాబాద్ జీతం వేయించు. మెల్‌బోర్న్ జీతం వేశాడని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చేస్తాను.

మలేషియాలోనే ఉద్యోగం చూసుకుంటానంటావేమో. చూసుకో, కానీ అక్కడ ఉద్యోగం చేసుకునే పాస్‌కి కంపెనీయే దరఖాస్తు పెట్టాలి, నీ అంతట నువ్వు పెట్టుకునేది కాదు. చదువుకుంటూ సంపాదించి అద్దె కట్టేస్తానని మీ అమ్మతో అన్నావట. వెర్రిమొహమా, అక్కడ విద్యార్థులు పని చేసుకోగలిగేది వారం దాటిన సెలవుల్లోనే, అదీ వారానికి 20 గంటలు, అదీ అనుమతి తీసుకుని, కొన్ని రకాల చోట్లే. ఆ డబ్బు బడ్జెట్‌లో రాయకు.

ఎక్స్చేంజ్ అంటే మాత్రం ఆశపడు. దాని మీద వెళ్తే మెల్‌బోర్న్‌లో కూర్చున్నా ఫీజు మలేషియాదే కడతావు, అద్దె, తిండి మాత్రం అక్కడి ధర. ట్రాన్స్‌ఫర్ అయితే ఫీజు కూడా అక్కడిదే. ఎన్ని మార్కులు కావాలి, గడువెప్పుడు అన్నది మొదటి సెమిస్టర్లోనే కనుక్కుని గోడ మీద రాసుకో. బాబాయ్ అడిగింది ఆఖరి ఏడు ముందు.

మీ నాన్న ఇంకో భయం చెప్పాడు, క్యాంపస్ మధ్యలో మూసేస్తే ఎలా అని. పిచ్చి భయమేం కాదు. ఆస్ట్రేలియాకి చెందిన న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ 2007 మార్చిలో సింగపూర్‌లో క్యాంపస్ తెరిచి జూన్‌కల్లా మూసేసింది. అమెరికా వాళ్ళ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ దుబాయ్‌లో 2008లో తెరిచి, 2010లోనే డిగ్రీ కోర్సులు ఆపేసింది. 2003 నుంచి ఖతార్‌లో ఉన్న మరో అమెరికా యూనివర్సిటీ టెక్సాస్ ఏ అండ్ ఎం కూడా 2028కల్లా వెళ్ళిపోతానంటోంది, అంచేత పాతబడినంత మాత్రాన భరోసా కాదు. మోనాష్ మలేషియాలో 1998 నుంచి ఉంది, బ్రిటన్ వాళ్ళ నాటింగ్‌హామ్ యూనివర్సిటీ 2000 నుంచి ఉంది. నాకు వాటి మీద అనుమానం లేదు. అయినా మధ్యలో ఆగిపోతే మా పిల్లని ఎక్కడ, ఏ ఫీజుకి పూర్తి చేయిస్తారు అని ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకో. ఫోన్లో చెప్పింది చెల్లదు.

ఇంకోటి, నీ స్నేహితురాలు చేరతానంటున్న "త్రీ ప్లస్ జీరో" కోర్సు, నువ్వు వెళ్ళే క్యాంపస్, రెండూ ఒకటి కావు. ఆ కోర్సులో స్థానిక కాలేజీ వాళ్ళు పాఠం చెప్తారు, విదేశీ యూనివర్సిటీ పట్టా ఇస్తుంది. నీ దగ్గర యూనివర్సిటీయే స్వయంగా నడుపుతుంది. మొదటిది ఇంకా చౌక, అందులో బాగా చదువుకున్న పిల్లల్ని చూశాను. అదేదో ఇదేదో తెలిసి చేరమను, అంతే. మనూళ్ళో అందరూ అడుగుతున్నట్టు "గుజరాత్ గిఫ్ట్ సిటీలోనే 2024 నుంచి ఆస్ట్రేలియా వాళ్ళ డీకిన్, వొలాంగాంగ్ యూనివర్సిటీలు ఉన్నాయిగా" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకో. అవి మంచివే, నీ కోర్సు వేరు.

ఇప్పుడు నా భయాలు. నవ్వావంటే చెవి మెలేస్తాను. విమానాశ్రయంలో ఎవరు, ఎంత పెద్దావిడ అయినా సరే, "ఈ పొట్లం మా అబ్బాయికిచ్చెయ్యమ్మా" అంటే ముట్టుకోకు. మత్తుమందుల విషయంలో ఆ దేశంలో ఉరిశిక్ష ఇప్పటికీ ఉంది. మీ అమ్మ మసాలా పొడి కొడితే గసగసాలు వెయ్యొద్దని చెప్పు, సింగపూర్ మీదుగా టికెట్ తీస్తే అక్కడ అవి నిషేధం. గదిలో నీళ్ళు నిలవుంచకు, డెంగీ అక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది. జ్వరమొస్తే మొదటి రోజే రక్తపరీక్ష. ఇదొక్కటీ నాకు ఒట్టేసి చెప్పాలి.

తిండికి బెంగ లేదు. తమిళ ముస్లింల మామక్ కొట్టులో రోటీ చనాయ్ అనే పరోటా, తే తారిక్ అనే టీ అర్ధరాత్రి కూడా దొరుకుతాయి. అక్కడి రింగిట్టుని ప్రతిసారీ రూపాయల్లోకి గుణించుకుంటే తిండి మానేస్తావు, మొదటి నెల దాటాక గుణించడం ఆపెయ్. సన్‌వేలో అద్దెలు ఎక్కువ, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి తీసుకోండి, మీ కాలేజీ పేరుతోనే బస్ స్టేషన్ ఉంది కాబట్టి కాస్త దూరమైనా పర్వాలేదు.

మనవాళ్ళు లేరనుకోకు. మలేషియా తెలుగు సంఘం 1955 నాటిది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఉగాదికి వెళ్ళు. ఒకసారి మమ్మల్ని పేరాక్‌లోని బగాన్ దతోకి తీసుకెళ్ళారు, కొబ్బరితోటలు చూసి కోనసీమే అనుకున్నాను. అక్కడొక ముసలావిడ, వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి తోటపనికి తెచ్చినవాళ్ళట, "ఏటమ్మా, ఏ ఊరు?" అని అడిగింది. ఇండియా ఎన్నడూ చూడలేదావిడ. నా చేతిలో ఒక బొండాం పెట్టి డబ్బులు తీసుకోనంది. ఆ తోటల్ని చూస్తూ నాకు ఎవరు గుర్తొచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

సరే. ఆఫర్ లెటర్ మొదటి పేజీ ఫొటో పంపావు, దానితో నాకేం పని? డబ్బు వాపసు నిబంధనలున్న పేజీ పంపు. మొదటి వాయిదా కట్టాల్సిన తేదీ ఎప్పుడో రాయి. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఆగస్టులో తీరుతుంది. మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు, వాడు వద్దంటాడు, వాడితో నేను మాట్లాడుకుంటాను.

నీ
అత్త