సిరిలిక్‌లో పైన గీత ఉన్న 'ఇ' సర్చ్‌లో ఎందుకు దొరకదు?

సిరిలిక్ లిపిలో ఉండే ఒక బల్గేరియన్ సైట్‌లో పైన ఏటవాలు గీత ఉన్న 'ఇ' అక్షరం కంటికి అన్నిచోట్లా ఒకేలా ఉన్నా సర్చ్‌లో కొన్నిచోట్లే దొరుకుతోందని, ఫాంట్ మార్చాలా అని అడిగారు. ఫాంట్ మార్చినా లాభం లేదు, తేడా లోపలి కోడ్‌లో ఉంది. నేను లోకలైజేషన్ పనిలో ఉన్నాను. బల్గేరియన్, మాసిడోనియన్, రష్యన్ ఫైళ్లు రోజూ చూస్తుంటాను, వాటిలో మాటిమాటికీ తగిలే చిక్కే ఇది.

యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ఒక నంబర్ (కోడ్) ఇచ్చే ప్రమాణంలో, ఆ అక్షరాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, 1117 అనే ఒకే కోడ్ (నంబర్లన్నీ డెసిమల్‌లో ఇస్తున్నాను). రెండోది, మామూలు 'ఇ' అంటే 1080, దాని వెనకే 768 అనే విడి గీత. ఆ నంబర్లని ఫైల్‌లో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటిది 2 బైట్లు, రెండోది 4 బైట్లు, కాబట్టి సర్చ్ బైట్లనే పోల్చి చూస్తే అవి ఎప్పటికీ కలవవు. అనుమానం ఉంటే అక్షరం పక్కన కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి: చాలా ఎడిటర్లలో రెండో రకమైతే గీత మాత్రమే పోయి కింద బోడి 'ఇ' మిగులుతుంది. మన తెలుగులోనూ ఇది ఉంది. ఐత్వం 3144 అనే ఒక కోడ్‌గానూ రావచ్చు, ఎత్వం 3142, దాని కింది గుర్తు 3158 కలిపి రెండుగానూ రావచ్చు.

ఈ గందరగోళం పాతది. యూనికోడ్ సిరిలిక్ పట్టిక చాలావరకు ఐఎస్ఓ 8859-5 అనే పాత ఎన్‌కోడింగ్ (అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక) వరసనే తీసుకుంది. అందులో ఈ చిన్న అక్షరం ఉండాల్సిన చోట సెక్షన్ గుర్తు (§) ఉండేది, అందుకని యూనికోడ్‌లో ఆ గడి ఖాళీగా ఉండిపోయి 1999లో 3.0 వెర్షన్‌తో గానీ నిండలేదు. విండోస్-1251 అనే మరో పాత ఎన్‌కోడింగ్‌లోనూ ఈ అక్షరం లేదు. అప్పట్లో బల్గేరియన్లు ఏం చేస్తారు, కొందరు గీత లేకుండా 'ఇ' రాశారు, కొందరు పైన గిన్నెలాంటి వంపు ఉన్న 1081 అక్షరం వాడారు, ఇక కొత్త ఫైల్‌ని పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసిన చోట ప్రశ్నార్థకం మిగిలింది. నా దగ్గరికి వచ్చిన ఒక పాత ఆర్కైవ్‌లో ఇవన్నీ పక్కపక్కనే ఉన్నాయి. గీతే కదా అనుకుని వదిలేయడానికి లేదు, ఎందుకంటే బల్గేరియన్‌లో ఈ అక్షరం ఒంటరిగానే ఒక పదం: గీత లేకపోతే 'మరియు', ఉంటే 'ఆమెకు' లేదా 'ఆమె' అని అర్థం. 'మైకా ఇ' అన్నది గీత ఉంటేనే 'ఆమె తల్లి' అవుతుంది.

ఇక చేయాల్సింది: డేటా సేవ్ అయ్యేటప్పుడూ, యూజర్ సర్చ్‌లో టైప్ చేసింది తీసుకునేటప్పుడూ రెండు చోట్లా ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (విడి గుర్తుల్ని అక్షరంతో కలిపి ఒకే కోడ్ చేసే పద్ధతి) పెట్టండి. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ అన్నిటిలోనూ రెడీగా ఉంది. దాంతో 1080, 768 జంట 1117గా మారిపోతుంది. నెట్‌లో చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది, ఎన్ఎఫ్‌డీ (దానికి ఉల్టా, అక్షరాన్నీ గుర్తునీ విడదీసేది) చేసి గుర్తులన్నీ తీసేయమని. సిరిలిక్‌కి దయచేసి అది చేయకండి. 1081 కూడా విడిపోయి దాని వంపు ఊడిపోతుంది, రష్యన్ 'మోయ్' (నా, ఏకవచనం) కాస్తా బహువచనం అయి కూర్చుంటుంది. ముందు ఎన్ఎఫ్‌సీ చేసి, ఆ తర్వాత విడిగా మిగిలిన 768, 769లను సర్చ్ ఇండెక్స్‌లో (వెతకడానికి విడిగా ఉంచే కాపీలో) మాత్రమే తీసేయండి, అసలు టెక్స్ట్‌ని ముట్టుకోవద్దు. రష్యన్‌లో ఒత్తి పలకాల్సిన అచ్చు మీద పెట్టే గీత 769, ఆ అచ్చులతో కలిసి ఒకే కోడ్ అయ్యే అక్షరాలు లేవు కాబట్టి అది తేలిగ్గా పోతుంది, మాసిడోనియన్ వర్ణమాలలో గీతతోనే ఉండే 1107, 1116 అప్పటికే ఒకే కోడ్ అయ్యాయి కాబట్టి క్షేమంగా ఉంటాయి. గీత లేకుండా వెతికినా దొరకాలంటే అదే ఇండెక్స్‌లో 1117ని 1080కి మ్యాప్ చేయండి.

ఎన్ఎఫ్‌సీ పట్టుకోలేనిది ఒకటుంది: మాసిడోనియన్‌లో గీత ఉన్న 'ఎ' (1104) బదులు లాటిన్ 'ఎ' (232) కొట్టేస్తారు, చూపుకి అచ్చం అదే. సిరిలిక్ పదం మధ్యలో లాటిన్ అక్షరం ఉందా అని విడిగా ఒక చెక్ రాసుకోండి.

పాత డేటాలో 1081 ఒంటరిగా ఒక పదంలా ఉంటే దాన్ని 1117గా మార్చేయొచ్చు, బల్గేరియన్‌లో అలాంటి పదం వేరే లేదు. ఒంటరి 1080ని మాత్రం స్క్రిప్ట్‌తో మార్చకండి, అది ఎక్కువసార్లు నిజంగానే 'మరియు'. ఆ లైన్లన్నీ వేరే ఫైల్‌లో పెట్టి బల్గేరియన్ బాగా వచ్చినవాళ్ల చేత చదివించండి.