బిడ్డా, ఆ అవ్వను మాత్రం అడగకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. నువ్వు కాలేజీ పిల్లలతో కలిసి దయ్యం సినిమా తీస్తున్నావని, ముందు ట్రైలర్ తీసి చూపించమని మీ సార్ అడిగాడని, సంక్రాంతి సెలవుల్లో మన ఊరి గడిలోనే, ఆ పాత దొర బంగళాలోనే షూటింగ్ అని చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! హన్మకొండలో ముప్పై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళు తీశాను, మన ఇంట్లో పిల్లలెవరూ కెమెరా వైపు చూడలేదు. నువ్వు చూశావు. అదీ కథ తీస్తానంటున్నావు. మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను.

కానీ ఒక్క మాట దగ్గర గుండె జల్లుమంది. గడి పక్కన గుడిసెలో ఒంటరిగా ఉంటున్న ముసలామెను దయ్యంగా నడిపిస్తారట కదా, ఆమెకు మేకప్ కూడా అక్కర్లేదని నువ్వు అన్నావట. మీ బాపు నవ్వుతూ చెప్పాడు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

కథ రాసుకో, షాట్లు కాగితం మీద గీసుకో, బ్యాటరీలు ముందు రోజే చార్జింగ్ పెట్టుకో, వచ్చిన పిల్లలందరికీ తిండి చూసుకో. ఇవి నీకు తెలుసు. మీలో ఎవరైనా ఓరుగల్లు కోటలో కూడా రెండు షాట్లు తీద్దామంటే, అక్కడ కీర్తి తోరణాలున్న చోటు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంటుంది, కాగితం మీద అనుమతి లేకుండా ట్రైపాడ్ దించొద్దు.

రాత్రి సీన్లన్నీ రాత్రే తీయాలనేం లేదు. ఈ రోజుల్లో ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. ఆ తర్వాత ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నీలం వెలుతురు ఉంటుంది చూడు, అప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించి, ఆకాశం ఫ్రేములోకి రాకుండా తీస్తే అచ్చం రాత్రిలాగే ఉంటుంది, మనుషులూ కనిపిస్తారు. నడిరాత్రి చీకట్లో ఫోన్‌తో తీస్తే తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలే మిగులుతాయి. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు ఇంకోటి చూసుకో. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు ఫ్రేములు 25, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టుకుంటే బొమ్మ మీద నల్ల పట్టీలు పాకవు. ఇది తెలియక మొదట్లో నేను రెండు పెళ్ళిళ్ళు పాడుచేశాను.

అసలు పని శబ్దానిది. ముందు తొంభై సెకన్ల శబ్దం పేర్చుకో, బొమ్మలు లేకుండా కళ్ళు మూసుకుని విను. భయం వేస్తే అప్పుడు బొమ్మలు అతికించు. ఎముక విరిగిన చప్పుడుకు ఎండిన పత్తికట్టె చాలు, మన చేను గట్టు మీద మోపులకు మోపులు పడి ఉంది. రాలిన టేకాకు మీద ఎవరో ఆగి ఆగి నడుస్తున్న చప్పుడు ఒక్కటి దొరికితే మ్యూజిక్ కూడా అక్కర్లేదు. గడి లోపల ఒక నిమిషం అందరి నోళ్ళూ మూయించి ఊరికే ఆ నిశ్శబ్దాన్ని రికార్డ్ చెయ్యి. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికే ఉంటుంది, ఎడిటింగులో రెండు షాట్లు అతికేది దాంతోనే.

ఇంకోటి, ట్రైలర్లో దయ్యం ముఖం చూపించకు. దర్వాజ గొళ్ళెం దానంతట అది కదలనీ, గోడ మీద నీడ ఆగనీ, అంతే. చూపించకపోతేనే జనం సినిమాకు వస్తారు. అలాంటప్పుడు ముఖమే అక్కర్లేని చోటికి ఒక ముసలామెను ఎందుకు తెస్తున్నావు బిడ్డా?

ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో ఇప్పుడు చెబుతాను. ఈ సంగతి మీ బాపుకు సగమే తెలుసు.

1994లో నాకు ఇరవై ఆరేళ్ళు. నేనూ ఇద్దరు స్నేహితులూ సినిమా తీయాలనుకున్నాం. ఎవరైనా డబ్బు పెడతారేమోనని ముందు రెండు నిమిషాల ట్రైలర్ తీశాం, వీహెచ్ఎస్ కెమెరా అద్దెకు తెచ్చి, ఒక సన్‌గన్ లైటు పెట్టి. నువ్వు ఎంచుకున్న గడే. అప్పట్లో గడి వెనక ఒక అవ్వ ఉండేది. భర్త లేడు, ఒక్కతే బిడ్డను మంథని దిక్కు ఇచ్చింది. బీడీలు చుట్టుకుని బతికేది. జుట్టు తెల్లగా నడుము దాకా ఉండేది. అది విరబోసుకుని చేతిలో దీపంతో గడి దర్వాజ లోంచి నడిచి రమ్మన్నాం. సన్‌గన్ నేల మీద పెట్టి కింది నుంచి వెలుగు కొట్టాం. నా జీవితంలో నేను తీసిన వాటిలో అంత మంచి షాట్ ఇంకోటి లేదు, నిజంగా చెబుతున్నాను. మొదట్లో తెర మీద అక్షరాలు వేశాను: 'ఇది మన ఊళ్ళో జరిగిన కథ'. అలా వేస్తే జనం ఎక్కువ భయపడతారనుకున్నాను.

ఊళ్ళోకి అప్పుడే కేబుల్ వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి కేబుల్ పిల్లవాడు సినిమా క్యాసెట్ వేసేవాడు. దాని ముందు మాది వేయమన్నాను. వారం రోజులు వేశాడు. టీవీ లేనివాళ్ళు కూడా పక్కింటి అరుగు మీద కూర్చుని చూశారు. నేను హన్మకొండలో గర్వంగా తిరిగాను.

తర్వాత వానలు పడ్డాయి, ఊరంతా జ్వరాలు. ఒక పసిపిల్లవాడు చనిపోయాడు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, 'టీవీల సూడలేదా, దీపం పట్టుకొని తిరుగుతది, మంత్రాలు చేస్తది' అన్నారు. కిరాణంలో ఆమెకు ఉప్పు ఇవ్వడం మానేశారు. ఒక రాత్రి పదిమంది పోయి ఆమెను గుడిసెలోంచి లాగి కొట్టి, ఆ జుట్టు కత్తిరించారు. పళ్ళు ఊడగొడితే మంత్రాలు పారవని ఒక మూఢనమ్మకం ఉండేది, ఒకడు దానికి పటకారు కూడా తెచ్చాడట. మీ తాత అడ్డం పడబట్టి అంతవరకు పోలేదు.

నాకు తెల్లారే కబురు వచ్చింది. నేను వెంటనే పోలేదు. మూడు రోజులు పోలేదు. నన్నూ కొడతారని భయం, కెమెరా అద్దె మనిషికి తెలిస్తే పని పోతుందని భయం. ఈ మూడు రోజుల సంగతి మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నాలుగో రోజు టీవీ, క్యాసెట్లు వేసే వీసీపీ మోసుకుని పంచాయతీ అరుగు మీద పెట్టి, ఎడిట్ చేయని క్యాసెట్ మొత్తం వేశాను. అందులో ఆమె నడిచి వచ్చి, నేను 'కట్' అనగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. 'మల్ల నడవాల్నా కొడుకా, కాళ్ళు గుంజుతున్నయ్' అంటుంది. మళ్ళీ నడుస్తుంది. మళ్ళీ నవ్వుతుంది. చూస్తూ చూస్తూ ఆడవాళ్ళు ఏడ్చారు. కొట్టినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అయినా ఆమె ఊళ్ళో ఉండలేదు. బిడ్డ వచ్చి తీసుకుపోయింది. బస్సెక్కేటప్పుడు తలకు కొంగు గట్టిగా చుట్టుకుని నన్ను చూసి, 'నేను మంచిగనే ఆడిన గదా కొడుకా' అంది. నాకు నోట మాట రాలేదు.

చాలా రోజులు ఆలోచించాను. మన పల్లెల్లో చిందు భాగోతం వాళ్ళు రాక్షసుడి వేషం కట్టినా ఎవరూ ఆ మనిషిని రాక్షసుడనుకోలేదు. ముఖానికి రంగు పూసుకుంటుంటే పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు, తెల్లారి ఆ మనిషే వడ్ల కోసం ఇంటి ముందుకు వస్తాడు. నేను తీసిన దాంట్లో వేషానికి ముందూ లేదు, తర్వాతా లేదు.

అందుకని నువ్వు దయ్యంగా మీ క్లాసు పిల్లనే పెట్టు. జుట్టు విగ్గు పెట్టు, చేతులకు విబూది పూయి. 'నిజంగా జరిగిన కథ' అని వేయకు, ఊరి పేరు వేయకు. మేకింగ్ వీడియో కూడా తీసి అదే రోజు పెట్టు. అది పెడతాం కదా, అవ్వతో తీస్తే ఏమవుతుందని అడుగుతావేమో. నా క్యాసెట్ ఒక్క ఊళ్ళోనే తిరిగింది. నీ దాంట్లోంచి ఎవడో పది సెకన్ల ముక్క కోసి వాట్సాప్‌లో తిప్పితే నీ మేకింగ్ వీడియో దాని వెంట పోదు. మంత్రాల నెపంతో మన దిక్కు మనుషుల్ని చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తున్నాయి, నువ్వూ చదివే ఉంటావు. ఆ ముసలామె ఒంటరిది, గడి పక్కన ఉంటుంది. అంతకంటే ఏం కావాలి వాళ్ళకు?

కోపంగా రాస్తున్నానని అనుకోకు. నువ్వు చెడ్డ మనసుతో అనలేదని నాకు తెలుసు, నేనూ చెడ్డ మనసుతో తీయలేదు.

షూటింగ్ రోజు ముందే సర్పంచ్‌కు చెప్పు. గడి వెనక మోట బావి ఒర కూలిపోయింది, పొద్దుండగానే చుట్టూ తాడు కట్టించు, కెమెరా పట్టుకుని వెనక్కి నడిచేవాళ్ళకు అది కనిపించదు. మిద్దె ఎక్కొద్దు, దూలాలు చెద తిన్నాయి. రాత్రి తొమ్మిది దాటితే మూటా ముల్లే సర్దుకుని మన ఇంటికి రండి, ఎంతమంది ఉన్నా సరే, మీ పెద్దమ్మ సకినాలు చేస్తానంటోంది. నేనూ వస్తాను. లైటు నేను పట్టుకుంటాను, షాట్ గురించి ఒక్క మాట మాట్లాడను.

ఇంకో పని ఉంది నీతో. ఆ క్యాసెట్ నా బీరువాలోనే ఉంది. బూజు పట్టినట్టుంది, అందుకే ఏ డెక్కులోనూ పెట్టి చూడలేదు, తెగిపోతే అది కూడా ఉండదు. మీ కాలేజీలో ఇలాంటివి శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు తెలిసినవాళ్ళుంటే అడిగి చూడు. ట్రైలర్ భాగం పోయినా ఫర్వాలేదు. ఆమె నవ్విన ముక్క కావాలి నాకు.

మీ పెద్దనాన్న