కార్తీక పౌర్ణమి దాకా ఆగు

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. సింకు కింద బుట్టలో మర్చిపోయిన ఉర్లగడ్డలకు, అదే బంగాళాదుంపలకు, జానెడేసి తెల్ల మొలకలొచ్చాయి, పారేయాలా నాటాలా అని అడిగావు. నాటొచ్చు. కానీ ఈ వారం వద్దు. తిరుపతిలో నవంబరు వాన ఎట్లా కొడుతుందో 2021లో చూశాం కదా. నాటిన సంచిలో రెండు రోజులు నీళ్లు నిలిచాయంటే విత్తనం కుళ్లి కంపు కొడుతుంది. కార్తీక పౌర్ణమి దాటనీ. వాన తెరిపిచ్చి, రాత్రిళ్లు ఫ్యాను ఆపి దుప్పటి కప్పుకునే రోజులొచ్చాక నాటితే శివరాత్రి అటూ ఇటూగా గడ్డలు చేతికొస్తాయి.

చలి గురించి ఇంత పట్టుబట్టేది ఊరికే కాదు. ఉర్లగడ్డ వేరు కాదు, కాండం. మట్టి లోపల పాకిన తీగల కొసలు ఉబ్బి గడ్డలవుతాయి. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో గడ్డ బాగా ఊరుతుంది. మన్ను 30 డిగ్రీలు దాటి కాగిందంటే ఆకు పెరుగుతుందే గానీ గడ్డ ఊరదు. పలమనేరు, కుప్పం వైపు రైతులు ఈ పంట వేస్తారంటే అక్కడి ఎత్తు, చల్లగాలే కారణం. ఇవేవీ తెలియక నేను మొదటిసారి ఉగాదికి నాటాను. చెట్టు నడుమెత్తు పెరిగింది. జూన్‌లో సంచి బోర్లిస్తే నాలుగు గోలీకాయలు! మీ పెదనాన్న ఇప్పటికీ అంటుంటాడు, వాటిని తాలింపులో వెయ్యి అని.

అప్పటిదాకా ఒక పని చెయ్యి. చీకట్లో పెరిగిన ఆ తెల్ల మొలకలు నాటబోతే పుటుక్కున విరుగుతాయి. వాటిని తుంచేసి, గడ్డల్ని కోడిగుడ్ల అట్టలో కళ్లు, అంటే మొలక లేచే గుంటలు, పైకి ఉండేట్టు పెట్టి, ఎండ తగలని కిటికీ పక్కన ఉంచు. ఈసారి పొట్టిగా, లావుగా, కాస్త ఊదారంగులో మొలకలొస్తాయి. నాటాల్సింది అవి. ఒక్కసారి తుంచితే పర్లేదు, పదే పదే తుంచితే గడ్డలో సత్తువ పోతుంది. ముడతలు పడినా పనికొస్తుంది, మెత్తబడి నీరు కారేది పారెయ్. మీ అత్తగారికి మాత్రం ముందే చెప్పు, ఆ అట్టలోవి కూరకు తీయొద్దని. వెలుతురుకు పచ్చబడిన గడ్డలో సొలనిన్ అనే విషం పెరుగుతుంది, ఉడకబెట్టినా పోదు.

కోడిగుడ్డంత గడ్డల్ని కోయకుండా నాటు. పెద్దవైతే ఒక్కో ముక్కకు రెండు కళ్లుండేట్టు కోసి, కోసిన చోట బూడిద అద్ది, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టు. వేలితో తాకితే తడి అంటకుండా, తోలులా గట్టిపడి ఉండాలి.

బియ్యం సంచికి అడుగున పది చిల్లులు పొడిచి, అంచులు కిందికి మడిచి, మూడో వంతు మన్ను నింపు. ఎర్రమన్ను రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. సంచికి రెండు గడ్డలు చాలు, నాలుగంగుళాల లోతున. మొక్క జానెడు లేచినప్పుడల్లా కొస ఆకులు మాత్రం కనిపించేట్టు చుట్టూ మన్ను పొయ్యి. రెండు మూడు సార్లు పోస్తే సరిపోతుంది, గడ్డకు వెలుతురు తగలకుండా ఉండడానికే ఇదంతా. సంచి నిండా అంతస్తులంతస్తులుగా కాస్తాయని ఎవరైనా చెబితే నమ్మకు. ఒక సంచికి కిలో వస్తే నేనైతే సంబరపడతాను.

నీ టమోటా కుండీల్లో మన్ను ముట్టుకోవద్దు. టమోటా, వంకాయ, మిరప, ఉర్లగడ్డ అన్నీ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు ఇంకోదానికి అంటుతుంది. ఒకసారి నా మొక్క పచ్చగా ఉండగానే మధ్యాహ్నానికి వాలిపోయింది. నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోశాను. మర్నాడు కాండం కోసి గ్లాసు నీళ్లలో నిలబెడితే, కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి దారం నీళ్లలోకి దిగింది. అది బ్యాక్టీరియా ఎండుతెగులు. మందు లేదు, మన్నుతో సహా సంచి వదులుకోవాల్సిందే. బజారు గడ్డలతో కూడా ఈ రిస్కు ఉంది, విత్తనం కోసమని ఎవరూ పరీక్షించి అమ్మినవి కావు. అందుకే మూడు సంచులు దూరదూరంగా పెట్టుకో.

నీళ్లు వేలు గుచ్చి చూసి పొయ్యి. ఆకులు పసుపెక్కాక పది రోజులు ఆపేసి తవ్వు. పూలు రాలాక చిన్న పచ్చి టమోటాల్లాంటి కాయలు రావొచ్చు, బుజ్జిగాడు నోట్లో పెట్టుకోకుండా కోసి పారెయ్. అవీ విషమే.

ఎర్రమన్ను కొనొద్దు. మంగళవారం మీ పెదనాన్న తిరుపతికొస్తున్నాడు, రెండు మూటలు కట్టి పంపుతాను. బస్టాండుకు అల్లుణ్ణి బండి వేసుకుని రమ్మను, ఆయన నడుం నొప్పితో మొయ్యలేడు.

మీ పెద్దమ్మ