పిల్లల చేత అమెరికా చరిత్ర పుస్తకాలకు రివ్యూలు రాయిస్తే ఏం ఉపయోగం?

ఇంకేం ఆలోచించకుండా చేర్చండి. అమెరికాలో మీరుండే ఊరి లైబ్రరీలో వేసవికి పిల్లల చేత అమెరికా చరిత్ర పుస్తకాలు చదివించి రివ్యూలు రాయిస్తున్నారనీ, మూడో తరగతి చదివే మీ బాబుకు ఆ టైమ్‌లో మ్యాథ్స్ చేయిస్తే మేలు కదా అనీ అడిగారు. మ్యాథ్స్‌కి ఏడాది పొడుగునా ట్యూషన్లు ఉన్నాయి. అచ్చయిన పుస్తకాన్ని పట్టుకుని 'ఇందులో ఇది నాకు నచ్చలేదు' అని రాయడం ఏ ట్యూషన్లోనూ నేర్పరు.

మా అమ్మాయి నాలుగో తరగతి అయ్యాక మా లైబ్రరీలోనూ ఇలాంటిదే పెట్టారు. పోస్ట్‌కార్డంత అట్ట ఇస్తారు. పుస్తకం పేరు, ఎన్ని స్టార్లు, నాలుగు వాక్యాలు. వాటిని పిల్లల సెక్షన్లో బోర్డుకు గుచ్చుతారు. మా పిల్ల ఎంచుకున్నది అమెరికా తూర్పు పడమరలను కలిపిన తొలి రైలుమార్గం గురించిన పుస్తకం. తూర్పు నుంచి ఒక కంపెనీ, పడమర నుంచి ఇంకో కంపెనీ పట్టాలు వేసుకుంటూ వచ్చి 1869 మే 10న యూటాలో ప్రామంటరీ దగ్గర కలిశాయి. రెండు ఇంజన్లను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో జనం గుమిగూడి దిగిన ఫొటో ఉంటుంది, దాన్ని రెండు పేజీల నిండా వేశారు.

ఆ పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, పడమర వైపు పట్టాలు వేసినవాళ్లలో ఎక్కువమంది చైనావాళ్లేనని ముందు పేజీలో ఉంది. మరి ఫొటోలో వాళ్లేరీ?" ఒక్కో టోపీ కింద వేలు పెట్టి ముఖాలు వెతికింది. నేను స్టవ్ కట్టేసి కూర్చుని వెతికినా దొరకలేదు. లైబ్రేరియన్‌ని అడిగితే ఆవిడ మురిసిపోయి ఇంకో రెండు పుస్తకాలు తీసిచ్చారు. వేలమంది చైనా కూలీలు సియెరా నెవాడా కొండల్లో రాయి తొలిచి సొరంగాలు వేశారనీ, ఆ రోజు ఆఖరి పట్టా తెచ్చి వేసిందీ వాళ్లేననీ వాటిలో ఉంది. పదమూడేళ్లు తిరక్కుండానే, 1882లో, చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేశారని కూడా ఉంది.

మా అమ్మాయి మొదటి పుస్తకానికి మూడు స్టార్లు ఇచ్చి, 'బొమ్మలు బాగున్నాయి. పని చేసినవాళ్లు ఫొటోలో ఎందుకు కనబడరో చెప్పలేదు, చెప్పాల్సింది' అని రాసింది. స్పెల్లింగ్ తప్పులున్నాయి. లైబ్రేరియన్ ఒక్క అక్షరం దిద్దకుండా బోర్డుకు గుచ్చారు.

మన తెలుగు తల్లిదండ్రుల మీద నా కోపం ఇక్కడే. అదే బోర్డు మీద ఎనిమిదేళ్ల పిల్లల పేర్లతో ప్రొఫెసర్లు రాసినట్టున్న రివ్యూలు! అన్నిటికీ ఐదు స్టార్లే. అమ్మో నాన్నో పక్కన కూర్చుని చెప్పి రాయించారని చదవగానే తెలిసిపోతుంది. కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందని మూడో తరగతి నుంచే టెన్షన్. పుస్తకాల లెక్కను బట్టి బహుమతులివ్వడం కూడా నాకు నచ్చదు, పిల్లలు పలచటి పుస్తకాలు ఏరుకుంటారు. ఒక్క పుస్తకం మీద రెండు వారాలు కూర్చున్న పిల్లకే బహుమతి ఇవ్వాలంటాను.

'ఇది మన చరిత్ర కాదుగా' అనే మాట కూడా వింటుంటాను. మనది కాకపోవడమేమిటి? పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసినా, భారతీయుడు తెల్లజాతి కిందికి రాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో భారతీయులకు పౌరసత్వం తలుపు తీశారు, కానీ కొత్తగా వచ్చేవాళ్లను ఏడాదికి వందమందినే రానిచ్చారు. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ పాత కోటాలను 1965 చట్టం ఎత్తేయబట్టే గుంటూరు నుంచీ కరీంనగర్ నుంచీ ఇంతమందిమి ఇక్కడికి రాగలిగాం. ఇవి మన పిల్లలకు తెలియకుండా ఏ వాషింగ్టన్ పుట్టినరోజో బట్టీ పట్టిస్తే ఏం లాభం?

మీ బాబును పుస్తకం తనే ఎంచుకోనివ్వండి. ఒకే సంగతి మీద రెండు పుస్తకాలు తెచ్చుకోమనండి, ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో లేకపోతే వాడే పట్టేస్తాడు. రైళ్లు, యుద్ధాలు ఇష్టం లేకపోతే రూబీ బ్రిడ్జెస్ గురించి అడగండి. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో, ఆరేళ్ల నల్లజాతి పిల్ల ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) కాపలాతో తెల్లవాళ్ల బడికి వెళ్లింది. తక్కిన పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలు మాన్పించేస్తే, ఏడాదంతా క్లాసులో ఆ పిల్లా టీచరూ ఇద్దరే. మూడో తరగతి వాడికి ఆ కథ బాగా పడుతుంది.